చంటిపిల్లల ఇంట్లో కళాసాధన: మధ్యలో ఆగినా తెగిపోకుండా పని సాగించే పద్ధతి

ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలు ఉండగా బొమ్మలు వేయడం, రాయడం, వాద్యం సాధన చేయడం ఎలా కుదురుతాయని తరచు అడిగే పాఠకుల కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. నేను నీటిరంగుల్లో పనిచేస్తాను, ఇద్దరు పిల్లలను పెంచాను. అందువల్ల ఉదాహరణలు ఎక్కువగా చిత్రకళ నుంచి వస్తాయి. పద్ధతి మాత్రం ఏ కళకైనా, తల్లికైనా తండ్రికైనా ఒకటే.

అందరూ మొదట అడిగేది సమయం ఎక్కడి నుంచి తేవాలని. 20 నిమిషాల తీరిక దొరికినప్పుడు సామాను బయటికి తీయడానికి 8 నిమిషాలు, నిన్న ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవడానికి 5 నిమిషాలు, మళ్లీ అన్నీ సర్దడానికి 7 నిమిషాలు పోతే పనికి ఒక్క నిమిషమూ మిగలదు. ఆ తీరికను పెంచుకోవడం మన చేతిలో లేకపోవచ్చు. మొదలుపెట్టడానికీ ఆపడానికీ పట్టే కాలాన్ని 3 నిమిషాలకు దించుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. కింద చెప్పే అంచెలన్నీ అందుకోసమే.

## 1. ముందుగా ఒక వారం రాసి చూసుకోండి

ఏ మార్పూ చేయకుండా ఏడు రోజులపాటు మీ రోజులో దొరికే ఖాళీలను ఒక కాగితం మీద రాయండి. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది అనే రెండు వివరాలతో పాటు, ఆ సమయంలో చేతులు, కళ్లు, మనసు అనే మూడింటిలో ఏవి ఖాళీగా ఉన్నాయో కూడా గుర్తు పెట్టండి.

ఈ మూడో వివరమే అన్నింటికన్నా ముఖ్యమైనది. బిడ్డకు పాలు పట్టేటప్పుడు చేతులకు పని ఉంటుంది, మనసు ఖాళీగా ఉంటుంది. పిల్లలు ఆరుబయట ఆడుకుంటున్నప్పుడు కళ్లు వాళ్ల మీదే ఉండాలి, చేతులు మాత్రం ఊరికే ఉంటాయి. రాత్రి అందరూ పడుకున్నాక చేతులూ కళ్లూ ఖాళీయే, మనసే అలసిపోయి ఉంటుంది. ఈ మూడూ ఒకేసారి ఖాళీగా ఉండే సమయం వారం మొత్తం మీద ఎంత తక్కువో కాగితం మీద చూస్తే తప్ప తెలియదు.

పిల్లల నిద్రను లెక్కవేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు మూడు నెలలలోపు శిశువులకు 14–17 గంటలు, 4 నుంచి 11 నెలల వారికి 12–16 గంటలు, ఏడాది దాటి మూడేళ్లు నిండని వారికి 11–14 గంటలు, మూడు నాలుగేళ్ల వారికి 10–13 గంటల నిద్ర అవసరం. పగటి కునుకులు కూడా ఇందులోనే కలిసి ఉంటాయి. మొత్తం చూస్తే చాలా ఉన్నట్టు కనిపిస్తుంది కానీ చంటిబిడ్డ నిద్ర ముక్కలు ముక్కలుగా ఉంటుంది, పైగా ఆ ముక్కల్లోనే మీరూ పడుకోవాలి. అందుచేత మొత్తం గంటలను పక్కనపెట్టి, ఒక్కో కునుకు కచ్చితంగా ఎంతసేపు నిలుస్తుందో చూడండి. ఏడు రోజుల్లో అతి చిన్నది 25 నిమిషాలైతే మీ ప్రణాళిక 25 నిమిషాలకే వేసుకోవాలి. సగటు తీసుకుంటే వారంలో సగం రోజులు పని మధ్యలోనే లేవాల్సి వస్తుంది.

## 2. పనిని విడదీసి, ఖాళీలకు జత చేయండి

"బొమ్మ వేయాలి" అనేది ఒక పని కాదు, కనీసం పదిహేను పనుల మూట. దాన్ని విప్పి, ప్రతి పనికీ చేతులు, కళ్లు, మనసు వీటిలో ఏవి కావాలో పక్కన రాసుకోండి. నా పట్టికలో కొంత భాగం ఇలా ఉండేది:

- మనసు చాలు: చిత్రంలో ఏది ఎక్కడ ఉండాలో ఊహించడం, రంగుల వరుస నిర్ణయించుకోవడం, వదిలేయాల్సింది ఏమిటో తేల్చుకోవడం.
- చేతులు, కళ్లు చాలు: కాగితం కొలిచి కత్తిరించడం, పలకకు అతికించడం, గీతలను మరో కాగితం మీదికి దించడం, కుంచెలు శుభ్రం చేయడం, పూర్తయిన వాటికి ఫొటోలు తీయడం.
- మూడూ కావాలి: మొదటి పూత, ముఖాలు, చివరి ముదురు రంగులు.

రాసేవారికి అయితే సన్నివేశం ఊహించడం, చిత్తుప్రతిని శుభ్రంగా ఎత్తిరాయడం, కొత్త పేజీ రాయడం ఈ మూడు గుంపుల్లో ఒక్కొక్కదాని కిందికి వస్తాయి. వాద్యకారులకు స్వరలిపి చదువుకోవడం, వేళ్ల కసరత్తు, పూర్తి కృతిని వాయించడం అలాగే విడిపోతాయి.

ఈ పట్టికను మొదటి అంచెలోని కాగితం పక్కన పెట్టి జత చేయండి. మూడూ ఖాళీగా ఉన్న అరుదైన సమయంలో కాగితం కత్తిరిస్తూ కూర్చోవడం, అలసిన రాత్రి ముఖం గీయడానికి పూనుకోవడం నేను చాలాకాలం చేసిన తప్పులు. రెండింటిలోనూ పని నష్టపోయేది, నాకు ప్రతిభ తగ్గిపోయిందేమోనన్న అనుమానం మిగిలేది. పనులను అటూ ఇటూ మార్చాక తేలింది, తప్పు నా చేతిలో లేదని.

## 3. ముందు పరిమాణం తగ్గించండి, ఆ తర్వాతే మాధ్యమం గురించి ఆలోచించండి

పిల్లలు పుట్టగానే చాలామంది తమకు అలవాటైన మాధ్యమాన్ని వదిలేస్తారు. అంత తొందర అవసరం లేదు. అరచేతి వెడల్పు కాగితం మీద నీటిరంగుల పూత రెండు నిమిషాల్లో అయిపోతుంది. అదే పెద్ద కాగితం మీద అయితే పావుగంట పడుతుంది, మధ్యలో లేచి వెళితే ఎండిన అంచు గీతలా నిలిచిపోతుంది. నేను రెండేళ్లపాటు పోస్టుకార్డు కొలతకు మించి వేయలేదు. ఆ కొలతలో ఆగడం నేర్చుకున్నాకే మళ్లీ పెద్ద కాగితాల జోలికి వెళ్లాను.

పరిమాణం తగ్గించినా కుదరకపోతే, ఏ మాధ్యమం అంతరాయాన్ని ఎలా తట్టుకుంటుందో చూసుకోండి.

పెన్సిలు, సిరా, కాగితం ముక్కల అతుకు పని, ఊలు అల్లిక, కుట్టుపని వంటివి ఏ క్షణంలోనైనా ఆపవచ్చు. అమెరికన్ శిల్పి రూత్ అసావా ఆరుగురు పిల్లలను పెంచుతూ ఇంట్లోనే తీగను ముడి తర్వాత ముడిగా అల్లి శిల్పాలు చేశారు; అల్లిక ఎక్కడ ఆపినా అక్కడే నిలిచి ఉంటుంది కాబట్టి ఆ పద్ధతి అటువంటి ఇంటికి సరిపోయింది. గువాష్ (కింది పూత కనిపించనివ్వని చిక్కటి నీటిరంగు) పాలెట్ మీద ఎండిపోయినా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. ఆక్రిలిక్ అలా కాదు, ఒకసారి ఎండితే కరగదు, కుంచె కూడా పాడైపోతుంది. తడి స్పాంజి మీద కాగితం పరిచి, మూత ఉన్న డబ్బాలో రంగు ఉంచుకుంటే కొన్ని రోజులు నిలుస్తుంది. తైలవర్ణాలు రోజుల తరబడి తడిగా ఉంటాయి కాబట్టి ఆగడానికి అనువైనవే కానీ ద్రావకాల ఆవిరి, తడి కాన్వాసు రెండూ పిల్లల ఇంట్లో పెద్ద సమస్యలు. మట్టిపనిని తడిగుడ్డ, ప్లాస్టిక్ కాగితంతో గట్టిగా చుట్టి ఉంచితే మర్నాడు అందుకోవచ్చు.

## 4. చోటు, సామగ్రి, భద్రత

విడిగా గది ఉండనవసరం లేదు. కావలసినది ఒక పెద్ద ట్రే, దాన్ని పెట్టడానికి పిల్లలకు అందని ఎత్తులో ఒక అర. ప్రస్తుతం చేస్తున్న పనికి కావలసినవన్నీ ఆ ట్రేలోనే ఉండాలి, మిగతా సామాను మరెక్కడైనా ఉండవచ్చు. ట్రే దించితే పని మొదలైనట్టు, అర మీద పెడితే ముగిసినట్టు.

మా పెద్దబిడ్డ ఏడాదిన్నర వయసులో నేను కుంచె కడిగిన నీళ్ల గ్లాసును తాగే గ్లాసనుకుని రెండు చేతులతో నోటి దాకా తీసుకెళ్లింది. గ్లాసు పెదవికి తగలకముందే లాక్కోగలిగాను. ఆ నీళ్ల రంగు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. అప్పటినుంచి తాగడానికి వాడే గ్లాసు గానీ కప్పు గానీ నా ట్రేలోకి రాలేదు. కుంచెలు కడగడానికి మర మూత ఉన్న సీసా ఒక్కటే వాడుతున్నాను.

కిందివాటిని ఒక్కొక్కటిగా సరిచూసుకోండి:

☐ సీసం, కాడ్మియం, కోబాల్ట్, పాదరసం ఉన్న రంగులను గుర్తించి విడిగా తాళం వేసి ఉంచాను. (సీసం మావిని దాటి గర్భస్థ శిశువుకు చేరుతుంది, గర్భిణులు సీసపు తెలుపును పూర్తిగా మానేయాలి.)

☐ లేబుల్ చదివాను. ఏఎస్‌టీఎం డి-4236 (కళాసామగ్రి లేబుళ్లకు సంబంధించిన అమెరికా ప్రమాణం) అని ఉంటే హానికర విషయాలను లేబుల్ మీద సరిగా తెలిపారని అర్థం, ఆ రంగు హాని చేయదని అర్థం కాదు.

☐ పొడి రంగులు, పాస్టెల్ దుమ్ము, స్ప్రేలు పిల్లలు తిరిగే గదిలో వాడడం లేదు. మట్టి దుమ్మును చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడుస్తున్నాను.

☐ అవిసె నూనె అంటిన గుడ్డలను కుప్పగా వదలడం లేదు. అవి వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లు పోసిన మూత ఉన్న లోహపు డబ్బాలో వేస్తున్నాను.

☐ 4 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టే వస్తువేదీ మూడేళ్లలోపు బిడ్డకు అందేలా లేదు. బటన్ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు అసలే లేవు.

☐ బ్లేడు వాడిన ప్రతిసారీ లోపలికి జరిపి ట్రేలో పెడుతున్నాను, బల్ల మీద కాదు.

టర్పెంటైన్ వంటి ద్రావకాన్ని బిడ్డ మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకూడదు, ఎందుకంటే అది ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉంది. సీసాను కూడా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బటన్ బ్యాటరీ మింగినట్టు అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా వెళ్లాలి. నా సలహా ఏమిటంటే, చిన్న పిల్లవాడికి ఐదేళ్లు వచ్చేదాకా ద్రావకాలు లేని మాధ్యమంలోనే పని చేయండి. తాళాలు, ఎత్తైన అరలు పనిచేస్తాయి కానీ అలసిన మనిషి ఏదో ఒకరోజు తాళం వేయడం మరచిపోతాడు.

## 5. ఆపడం నేర్చుకోండి

మొదలుపెట్టడం గురించి సలహాలు చాలానే దొరుకుతాయి, ఆపడం గురించి ఎవరూ చెప్పరు. పసిపిల్లల ఇంట్లో రోజుకు మూడుసార్లు మొదలుపెడితే మూడుసార్లూ మన ఇష్టం లేకుండానే ఆపాల్సి వస్తుంది. ఆ ఆపడం సరిగా జరిగితే తర్వాతి మొదలు దానంతటదే వస్తుంది.

ఒక సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. కాగితం మీద కొండ వెనుక ఆకాశానికి నీలం పూత వేస్తున్నారు, పూత ఇంకా తడిగా మెరుస్తోంది, దిగువ అంచున రంగునీళ్లు ఒక ఉబ్బుగా చేరి ఉన్నాయి. పక్క గదిలో పక్క మీద కదిలిన చప్పుడు, ఆ వెంటనే చిన్న మూలుగు. ఏడుపుగా మారడానికి ఒక నిమిషం ఉంటుంది. ఆ నిమిషంలో చేయాల్సినవి ఈ వరుసలో ఉండాలి:

1. ఇంకొక్క గీత కూడా వేయకండి. పాడైన బొమ్మల్లో ఎక్కువ భాగం ఆ "ఇంకొక్క" గీతతోనే పాడవుతాయి.
2. కుంచెను గుడ్డకు అద్ది, తడి తగ్గిన కుంచె కొనతో దిగువ అంచున చేరిన ఉబ్బును పీల్చేయండి. ఈ ఒక్క పనితో పూత ఎండినప్పుడు మరక పడకుండా ఉంటుంది.
3. కుంచెను పడుకోబెట్టండి, నీళ్ల సీసాకు మూత బిగించండి.
4. తర్వాత చేయాల్సిన పనిని చీటీ మీద ఒక వాక్యంలో రాయండి.
5. పలకను వంచకుండా ట్రేతో సహా అర మీద పెట్టి, బిడ్డ దగ్గరికి వెళ్లండి.

నాలుగో మెట్టును ఎప్పుడూ వదలకండి. చీటీ మీద "ఆకాశం పూర్తి చేయాలి" అని రాస్తే అది మర్నాటికి పనికిరాదు, మళ్లీ బొమ్మ ముందు కూర్చుని ఆలోచించాల్సి వస్తుంది. "ఇదే నీలంలో సగం నీళ్లు కలిపి, కుడివైపు కొండ అంచు తడపకుండా, పైనుంచి రెండో పూత" అని రాస్తే మర్నాడు కూర్చున్న అరనిమిషంలో చెయ్యి కదులుతుంది. చీటీలో ఒక క్రియ, ఒక చోటు, ఒక కొలత ఉండాలి. రాయడానికి వ్యవధి లేకపోతే ఫోనులో గొంతు రికార్డు చేసుకోండి. రచయితలు వాక్యం పూర్తి చేయకుండా సగంలో వదిలిపెట్టడం, వాద్యకారులు తప్పు దొర్లిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి లేవడం ఇలాంటివే.

మొదలుపెట్టడానికి వరుస చాలా చిన్నది: ట్రే దించండి, చీటీ చదవండి, అందులో ఉన్నది మాత్రమే చేయండి. బొమ్మ మొత్తం ఎలా ఉందో చూసి విచారించడం ఆ సమయంలో చేయాల్సిన పని కాదు. దాన్ని మనసు ఒక్కటే ఖాళీగా ఉండే వేళకు ఉంచండి.

## 6. ఇంట్లోవారితో స్పష్టంగా మాట్లాడుకోండి

"కాస్త వీలు చూసి పిల్లలను చూసుకో" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. రోజు, మొదలయ్యే గంట, ముగిసే గంట, ఏ విషయానికి పిలవాలి, దేనికి పిలవకూడదు అనే నాలుగు సంగతులు ముందే మాట్లాడుకోవాలి. దెబ్బ తగిలితే, జ్వరం వస్తే, పాలకు ఏడిస్తే పిలవాలి. చొక్కా ఎక్కడుందో తెలియకపోతే పిలవకూడదు. ఆ సమయంలో పిల్లలను అవతలి వారు తమ పద్ధతిలో చూసుకుంటారు, మధ్యలో వెళ్లి సరిదిద్దకూడదని మీరూ ఒప్పుకోవాలి. అంతే సమయం అవతలి వారికీ వారంలో ఒకసారి దక్కాలి. అలా లేని ఒప్పందం నెల తిరగకముందే తగువుగా మారుతుంది.

ఒంటరిగా పిల్లలను పెంచుతున్నవారు అదే స్థితిలో ఉన్న మరో కుటుంబంతో వంతు వేసుకోవచ్చు: ఈ వారం రెండు గంటలు వారి పిల్లలు మీ ఇంట్లో, వచ్చే వారం మీ పిల్లలు వారి ఇంట్లో. ఎవరూ కుదరని రోజులకు మూడో అంచెలో చెప్పిన అరచేతి పని ఉండనే ఉంది.

## 7. పిల్లలు పక్కనే ఉన్నప్పుడు

రెండేళ్లు దాటిన బిడ్డ పక్కన కూర్చుని పని చేయడం సాధ్యమే, కానీ మీ అసలు పనిని ఆ సమయానికి పెట్టుకోకండి. చెడిపోయినా బాధలేని పని పెట్టుకోండి, లేకపోతే బిడ్డ చెయ్యి తగిలినప్పుడు కోపం వస్తుంది, ఆ కోపం బిడ్డకు అన్యాయం చేస్తుంది.

ముందు పదిహేను నిమిషాలు పూర్తిగా బిడ్డతో ఆడండి. తర్వాత బిడ్డకు వేరే కాగితం, పిల్లలకు తగిన రంగులు ఇచ్చి పక్కన కూర్చోబెట్టండి. మీ కుంచెలు ఇవ్వకండి, తన కుంచెలను మీరు తీసుకోకండి. ఎన్ని నిమిషాలు నిలిచిందో రాసుకోండి. మొదట్లో 5 నిమిషాలే ఉంటుంది, దాన్ని సాగదీయాలని బలవంతం చేయవద్దు.

"అమ్మా, ఇది చూడు" అన్నప్పుడు తలెత్తి నిజంగా చూడండి. నాలుగు క్షణాలు చాలు. సగం చూపు చూస్తే బిడ్డ పదిసార్లు పిలుస్తుంది, ఆ పది పిలుపులకూ పట్టేది ఇంకా ఎక్కువ సమయం.

తెర ముందు కూర్చోబెట్టి పని చేసుకోవడం గురించి కూడా చాలామంది అడుగుతారు. పైన చెప్పిన 2019 మార్గదర్శకాలే రెండేళ్లలోపు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదని చెబుతున్నాయి. కాబట్టి దాన్ని రోజువారీ పద్ధతిగా పెట్టుకోలేరు.

## 8. తరచు జరిగే పొరపాట్లు, సవరణలు

బిడ్డ పడుకోగానే ఇంటిపనికి దిగడం. గిన్నెలు కడగడం, బట్టలు మడవడం బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు కూడా చేయగలిగినవే. ఏ ఇంటిపనులు అలాంటివో జాబితా రాసి, కునుకు సమయంలోంచి వాటిని తీసేయండి.

నిద్ర మానుకుని పని చేయడం. ఒకటి రెండు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత చెయ్యి తప్పుతుంది, పిల్లల మీద విసుగు పెరుగుతుంది. రాత్రి నిద్ర చెడిన మర్నాడు బ్లేడు, యంత్రం, ద్రావకం ముట్టుకోకూడదని నియమం పెట్టుకోండి. ఆ రోజు చేతిపని కూడా వద్దు, పడుకోండి.

గంటలతో కొలవడం. పాత రోజుల గంటలతో పోల్చితే ప్రతి వారమూ ఓటమిలాగే కనిపిస్తుంది. ఎన్నిసార్లు ట్రే దించారో లెక్కపెట్టండి. ముగ్గురు కవలలతో కలిపి నలుగురు పిల్లలను పెంచిన శిల్పి బార్బరా హెప్‌వర్త్ రోజుకు అరగంటైనా పని జరగాలని పట్టుబట్టారు, అలా జరిగితేనే రూపాలు మనసులో పెరుగుతూ ఉంటాయన్నది ఆమె కారణం. నాకు అరగంట కూడా దొరకని రోజులు ఎన్నో ఉన్నాయి. అప్పుడు చీటీ చదివి మళ్లీ పెట్టడాన్ని కూడా ఒకసారిగానే లెక్కవేశాను.

ఫోనులో చిత్రం చూస్తూ వేయడం. చూడాల్సిన చిత్రాన్ని ముందే అచ్చు తీసి ట్రేలో పెట్టండి. ఫోను తెరిస్తే పది నిమిషాలు తెలియకుండానే పోతాయి.

పనిని ఎప్పటికీ ముగించకపోవడం. మొదలుపెట్టినవి ఐదుకు మించితే కొత్తది తెరవకండి. పూర్తయిందో లేదో తేల్చడానికి నెలకొక రోజు పెట్టుకుని, పూర్తయిన వాటి వెనుక తేదీ వేసి పెట్టెలో పెట్టండి. ప్రదర్శనకో పత్రికకో పంపాలనుకుంటే, గడువుకు మూడు వారాల ముందే మీ సొంత గడువు వేసుకోండి; ఆ మూడు వారాల్లో ఇంట్లో ఒకరికి జ్వరం రావడం దాదాపు ఖాయం.

## 9. పూర్తిగా ఆగిపోయినప్పుడు తిరిగి మొదలుపెట్టడం

జబ్బులు, ఇల్లు మారడం, రెండో కాన్పు, బడి సెలవులు, ఏదో ఒక కారణంతో నెలరోజులు ట్రే కదలకపోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు ఆగిపోయిన బొమ్మతో మొదలుపెట్టకండి. అప్పటి రంగులు ఎండిపోయి ఉంటాయి, అప్పటి ఆలోచన చల్లారి ఉంటుంది.

మొదటి రోజు ట్రే తుడిచి, పాడైనవి తీసేయండి. రెండో రోజు కాగితాలు ఒకే కొలతకు ఆరు ముక్కలు కత్తిరించండి. మూడో రోజు ఉన్న ఒకే రంగుతో, పది నిమిషాల్లో, ఎదురుగా కనిపించే వస్తువును వేయండి. నా విషయంలో అది ఎప్పుడూ నేల మీద పడి ఉన్న బిడ్డ చెప్పుల జతే. అలా ఆరు ముక్కలూ నిండాక పాత చీటీ తీసి చదవండి. చీటీలోని వాక్యం అర్థమైతే ఆ బొమ్మ అందుకోండి, అర్థం కాకపోతే దాని వెనుక తేదీ వేసి పెట్టెలో పెట్టి, ఏడో కాగితం కత్తిరించండి.